విండోస్ 11 వద్దన్న పీసీలో లినక్స్ మింట్: ఒక గేమర్ రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. మీరు ఎక్కువగా కథ నడిచే గేములు, ఒక్కరే కూర్చుని ఆడుకునే గేములు ఆడే మనిషై, పీసీలో ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంటే, విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ధైర్యంగా వేసుకోండి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, పబ్‌జీ ఇవే మీ ప్రపంచమైతే మాత్రం విండోస్ తీసేయకండి, కనీసం పక్కన ఇంకో డ్రైవ్‌లో అయినా ఉంచుకోండి. ఎందుకు ఇలా అంటున్నానో కింద రాస్తున్నాను.

నా డెస్క్‌టాప్ ఏమంత గొప్పది కాదు. ఏడో తరం ఇంటెల్ ఐ5, 16 జీబీ ర్యామ్, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో సెకండ్‌హ్యాండ్‌గా తీసుకున్న 8 జీబీ ఆర్‌ఎక్స్ 580 కార్డు, ఒక ఎస్ఎస్‌డీ, ఒక పాత హార్డ్ డిస్క్. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ గీసిన గీత ప్రకారం టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఒకటీ అరా మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అంటే నిక్షేపంలా పనిచేస్తున్న మెషీన్ ఒక తేదీ దాటగానే పాతసామాను కింద లెక్క. ఇలాంటి పీసీలు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయో ఒకసారి ఆలోచించండి, ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ఇంట్లోవాళ్లు కొనిచ్చినవి, కోచింగ్ సెంటర్లలో ఉన్నవి, జిరాక్స్ షాపుల్లో ఉన్నవి. చాలావాటికి ఇంకా ఏళ్ల తరబడి ఆయుష్షు ఉంది. ఈ సంగతి నాకు నిజంగా బాధనిపిస్తుంది, అందుకే లినక్స్ గురించి ఎవరడిగినా విసుక్కోకుండా కూర్చుని చెబుతాను.

మింట్ 22 వరుసని ఉబుంటు అనే ఇంకో లినక్స్ 24.04 వెర్షన్ పునాది మీద కట్టారు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇన్‌స్టాల్ చేసుకోవడానికి దించుకునే ఐఎస్ఓ ఫైల్ 3 జీబీకి అటూ ఇటూ. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో బూట్ చేస్తే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ మొత్తం తెరుచుకుంటుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆ లైవ్ సెషన్‌లోనే వైఫై, సౌండ్, బ్లూటూత్, ప్రింటర్, గేమ్‌ప్యాడ్ అన్నీ ఒక్కొక్కటిగా తగిలించి చూసుకోండి, అరగంట పోతే పోనీ. నా దగ్గరున్న ఒక చవక వైఫై డాంగిల్ అలా చూస్తేనే బయటపడింది, సిస్టమ్ దాన్ని అసలు గుర్తుపట్టలేదు. చిప్ తయారుచేసినవాళ్లు డ్రైవర్ కోడ్‌ని సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో చేర్పించకపోతే జరిగేది ఇదే. అలాంటప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వెంటనే వస్తుంది, మిగతా పని దాంతో కానిచ్చుకోవచ్చు. ఆ డాంగిల్ పక్కన పెట్టేసి లాన్ కేబుల్ లాగాను, గేములకి ఎలాగూ అదే మంచిది.

ఏఎమ్‌డీ కార్డుకి నేను చేయాల్సిన పని ఏమీ లేదు. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, గ్రాఫిక్స్‌కి కావలసిన మిగతా సరంజామా మెసా అనే ప్యాకేజీలో సిస్టమ్‌తోపాటే వస్తుంది. విండోస్‌లో డ్రైవర్ పేరుతో వందల మెగాబైట్లు దించుకుని, రీస్టార్ట్ చేసి, దాంతో వచ్చిన అదనపు యాప్‌లు తీసేసుకునే తతంగానికి అలవాటుపడినవాళ్లకి ఇది మొదట్లో నమ్మబుద్ధి కాదు. 2017లో వచ్చిన కార్డు ఇది, కంపెనీ ఎప్పుడో కొత్త కార్డుల వైపు వెళ్లిపోయింది, అయినా మెసాలో దీని బాగోగులు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకోగలిగేది) అంటే ఉచితం అని మాత్రమే అనుకునేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ కార్డు సంగతే.

మింట్ డెస్క్‌టాప్ పేరు సినమన్. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. విండోస్ 7 వాడిన చేతికి ఏదీ వెతుక్కునే అవసరం రాదు. మా నాన్నగారు దీని మీదే పొద్దున్నే పేపర్ చదువుతారు, కరెంటు బిల్లు కడతారు, యూట్యూబ్‌లో ప్రవచనాలు పెట్టుకుంటారు, సిస్టమ్ మారిందని ప్రత్యేకంగా నేనేమీ నేర్పించలేదు. నాకు బాగా నచ్చింది అప్‌డేట్ల తీరు. మూలన చిన్న చుక్క వచ్చి ఊరుకుంటుంది, మీరు నొక్కితేనే కదులుతుంది, ఆట మధ్యలో తెర ఆపేసి రీస్టార్ట్ అనదు. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు కూడా దీంతోపాటే వస్తుంది, అప్‌డేట్‌కి ముందు సిస్టమ్ పరిస్థితిని దాచుకుని, ఏదైనా తేడా కొడితే నిన్నటి రూపానికి తిరిగి తెచ్చుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసిన రోజే దాన్ని ఆన్ చేసుకోండి.

ఇక గేముల సంగతి. వాల్వ్ కంపెనీ తన గేముల దుకాణం స్టీమ్‌ని లినక్స్‌కి 2013లోనే తెచ్చింది. 2015లో స్టీమ్ మెషీన్లు అనే లినక్స్ పీసీలు కూడా మార్కెట్లోకి దింపించింది, అవి ఆడలేదు. ఎలా ఆడతాయి, వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న సిస్టమ్ కోసం విడిగా గేమ్ తయారుచేయమంటే ఏ కంపెనీ ముందుకొస్తుంది? 2018 ఆగస్టులో వాల్వ్ దారి మార్చింది. గేమ్ కంపెనీలని బతిమాలడం మానేసి, విండోస్ గేమ్‌నే ఉన్నది ఉన్నట్టుగా లినక్స్ మీద నడిపించే ప్రోటాన్‌ని స్టీమ్‌లో కలిపేసింది. దాని కింద ఉన్నది వైన్, 1993 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు. విండోస్ ప్రోగ్రామ్ ఈ ఫైల్ తెరువు, ఈ బొమ్మ గీయి అని సిస్టమ్‌ని అడిగే ప్రతిదానికీ లినక్స్ తరఫున బదులిచ్చే పొర అది. మామూలు ప్రోగ్రాములకి అది ఎప్పటినుంచో పనికొస్తోంది గానీ, కొత్త 3డీ గేముల దగ్గర నత్తనడక నడిచేది.

ఆ ముడి విప్పినవాడు ఫిలిప్ రెబోలే అనే జర్మన్ కుర్రాడు. తనకి నచ్చిన నియర్ ఆటోమాటా అనే గేమ్ లినక్స్‌లో ఆడుకోవాలని, విండోస్ గేములు బొమ్మలు గీయించుకునే డైరెక్ట్3డీ 11 (డైరెక్ట్ఎక్స్ 11లో భాగం) పిలుపులని లినక్స్‌లోనూ నడిచే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలోకి మార్చే డీఎక్స్‌వీకే రాయడం మొదలుపెట్టాడు. వాల్వ్ అతన్ని పనిలోకి తీసుకుంది. ఇవాళ లక్షలమంది లినక్స్‌లో విండోస్ గేములు ఆడుతున్నారంటే దాని మూలం, ఒక మనిషి తన ఇష్టమైన గేమ్ కోసం కూర్చుని రాసిన కోడ్. డైరెక్ట్3డీ 12 గేములకి వీకేడీ3డీ ప్రోటాన్ అని ఇంకొకటి ఉంది. ఇదంతా ఓపెన్ సోర్సే, వాల్వ్‌కి నచ్చకపోయినా ఎవరైనా తీసుకుని బాగుచేసుకోవచ్చు, అలా చేసినదే జీఈ ప్రోటాన్. మామూలు ప్రోటాన్‌లో కట్‌సీన్ల వీడియోలు రాక నల్లతెర కనిపించే గేములకి చాలాసార్లు అదే మందు.

వాడుకునేవాడికి వీటిలో ఏ పేరూ గుర్తుండక్కర్లేదు, అదే దీని గొప్పతనం. స్టీమ్ తెరిచి, ఇన్‌స్టాల్ నొక్కి, ప్లే నొక్కడమే. ఇదివరకు సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్ని గేములకీ ప్రోటాన్ వాడు అని టిక్ పెట్టాల్సి వచ్చేది, మీ స్టీమ్ పాతదైతే ఒకసారి అక్కడ చూసుకోండి. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు వల్కన్ షేడర్లు (తెర మీద వెలుగునీడలు, రంగులు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నాయని ఒక పట్టీ కదులుతూ కనిపిస్తుంది. నా నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద పెద్ద గేములకి ఇది తాపీగానే నడుస్తుంది. దాటేయడానికి పక్కనే బటన్ ఉంటుంది గానీ దాటేయకండి, ఆ పనంతా ఆట మధ్యలో జరిగితే మలుపు తిరిగిన ప్రతిచోటా తెర కుదుపుతుంది.

లోపల ఏం జరుగుతోందో చూడాలన్న కుతూహలం ఉంటే స్టీమ్ ఫోల్డర్లో కాంపాట్‌డేటా అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అది తెరవండి. లోపల అన్నీ అంకెల పేర్లతో ఫోల్డర్లు, ఒక్కో అంకె ఒక్కో గేమ్. విచర్ 3ది 292030. దాంట్లోకి వెళ్తే పీఎఫ్ఎక్స్, అందులో డ్రైవ్ సి, దాంట్లో విండోస్ ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్, ఆ యూజర్స్‌లో స్టీమ్‌యూజర్ అనే వ్యక్తి, ఆయన డాక్యుమెంట్స్‌లో మీ సేవ్ ఫైళ్లు. ప్రతి గేమ్‌కీ విడిగా ఒక చిన్న విండోస్ ఇల్లు కట్టి ఇచ్చారన్నమాట, ఆ గేమ్ అందులో ఉండి తాను విండోస్‌లోనే ఉన్నాననుకుంటుంది. గేమ్ మొరాయిస్తే ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే చాలు, మళ్లీ తెరిచినప్పుడు కొత్తది కట్టుకుంటుంది, మిగతా గేముల జోలికి పోదు. తీసేముందు సేవ్ ఫైళ్లు మాత్రం పక్కకి కాపీ చేసుకోండి, అన్ని గేములకీ క్లౌడ్ సేవ్ ఉండదు.

నా మెషీన్ మీద విచర్ 3ని డైరెక్ట్ఎక్స్ 11లో, 1080పి మీడియం సెట్టింగ్స్‌తో ఆడుతున్నాను, హాయిగా నడుస్తోంది. మాంగోహడ్ అని ఒకటి వేసుకుంటే ఎడమ మూలన ఫ్రేములు, కార్డు వేడి, ప్రాసెసర్ వాడకం అన్నీ కనిపిస్తాయి, కింద ఫ్రేమ్ టైమ్ గీత, అంటే ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయం, కదులుతూ ఉంటుంది. నేను అంకె కంటే ఆ గీతనే చూస్తాను. అడవిలో గుర్రం మీద పోతున్నంతసేపూ అది దారం లాగినట్టు చదునుగా ఉంటుంది, నోవిగ్రాడ్ నగరంలోకి రాగానే జనం ఎక్కువై ప్రాసెసర్ మీద భారం పడి పళ్లు పళ్లుగా మారుతుంది. ఆ లోటు నా పాత ఐ5ది, సిస్టమ్‌ది కాదు. హేడిస్ లాంటి గేములు అసలు ఏ సిస్టమ్ మీద ఉన్నామో మర్చిపోయేలా నడుస్తాయి. హాలో నైట్, స్టార్‌డ్యూ వ్యాలీలకి నేరుగా లినక్స్ వెర్షన్లే ఉన్నాయి. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు విండోస్ పీసీల మీద కుదుపులని అందరూ గోలపెడితే, ప్రోటాన్‌లో దానికి వాల్వ్ ఇంజనీర్లే విరుగుడు రాశారు, ఆ వారాల్లో వాల్వ్ వాళ్ల చేతిలో పట్టే లినక్స్ గేమింగ్ పీసీ స్టీమ్ డెక్ మీద అది పెద్ద పీసీల కంటే నిలకడగా నడిచిందని పేరు తెచ్చుకుంది. కోడ్ చేతిలో ఉన్నవాడు గేమ్ కంపెనీ కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

స్టీమ్ లాంటి ఇంకో గేముల దుకాణం ఎపిక్ వాళ్లు ఉచితంగా ఇచ్చిన గేములు మనవాళ్ల ఖాతాల్లో కుప్పలుగా ఉంటాయి. 2020 మేలో జీటీఏ 5 ఫ్రీగా ఇచ్చినప్పుడు ఖాతా తెరవని కుర్రాడు మా కాలనీలో లేడు. ఎపిక్ లాంచర్ లినక్స్‌కి రాలేదు. బదులుగా హీరోయిక్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది, అందులో ఎపిక్, జీఓజీ, అమెజాన్ ఖాతాలు మూడూ పెట్టుకోవచ్చు. అసలు లాంచర్ కంటే ఇదే తేలిగ్గా ఉంటుందని నా అభిప్రాయం, తెరవగానే ప్రకటనలు కాకుండా నా గేములు కనిపిస్తాయి.

గేమ్‌ప్యాడ్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మన దగ్గర దొరికే చవక ప్యాడ్‌లు ఎక్కువభాగం ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్‌నని చెప్పుకుంటాయి, తగిలించగానే పనిచేస్తాయి. ప్లేస్టేషన్ ప్యాడ్‌లకి సోనీయే కెర్నెల్‌లో డ్రైవర్ పెట్టింది.

పాత విండోస్ డ్రైవ్‌లో గేములున్నాయి కదా, వాటినే లినక్స్ స్టీమ్‌కి చూపిస్తే సరిపోతుంది, మళ్లీ 100 జీబీ దించుకోవడం ఎందుకు అని అందరికీ వచ్చే ఆలోచనే. కానీ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ డ్రైవ్ మీద ప్రోటాన్ సరిగా కుదురుకోదు. ఇందాక చెప్పిన కాంపాట్‌డేటా ఫోల్డర్లో లినక్స్ తరహా లింకులు, ఎన్‌టీఎఫ్ఎస్‌కి పడని గుర్తులున్న ఫైల్ పేర్లు ఉంటాయి, దాంతో ఒకరోజు నడిచిన గేమ్ ఇంకోరోజు చప్పుడు లేకుండా మూసుకుపోతుంది. చాలామంది లినక్స్ మీద విసిగి వెనక్కి వెళ్లిపోయేది ఇలాంటి చోటే. లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4తో ఫార్మాట్ చేసిన డ్రైవ్ ఒకటి గేములకి కేటాయించుకోండి, పాత డ్రైవ్ నుంచి గేమ్ ఫోల్డర్ని అందులోకి కాపీ చేసి స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైళ్లు సరిచూసుకుని, తక్కువైనవి మాత్రమే దించుకుంటుంది.

ఇప్పుడు చేదు విషయం, యాంటీ చీట్, అంటే ఆన్‌లైన్ గేముల్లో మోసగాళ్లని పట్టే కాపలా ప్రోగ్రాములు. వాలరెంట్‌ని కాపలా కాసే వాన్‌గార్డ్ విండోస్ కెర్నెల్‌లోకే దిగి కూర్చుంటుంది, లినక్స్‌లో అది లేదు, కాబట్టి వాలరెంట్ లేదు. ఇంతవరకూ అర్థం చేసుకోవచ్చు. నాకు మింగుడుపడనిది మిగతావాళ్ల తీరు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌తో పనిచేసే ఏర్పాటు చేశాయి, గేమ్ తయారుచేసినవాళ్లు సరే అంటే చాలు. చాలామంది అనలేదు. ఎపెక్స్ లెజెండ్స్ లినక్స్‌లో రెండేళ్లకి పైగా నడిచి, 2024 అక్టోబరు చివర్లో తలుపు మూసేసింది, చీటర్లు లినక్స్‌ని వాడుకుంటున్నారన్నది వాళ్లు చెప్పిన కారణం. అంతకు ముందు నెలలోనే జీటీఏ ఆన్‌లైన్‌కి బ్యాటిల్‌ఐ తగిలించారు, లినక్స్‌కి అనుమతి ఇవ్వలేదు, జీటీఏ 5 కథ నడుస్తుంది గానీ ఆన్‌లైన్ పోయింది. డబ్బు పెట్టి కొని, ఏళ్ల తరబడి ఆడుకుంటున్న గేమ్ ఒక ఉదయం లేచేసరికి ఆడనివ్వకపోతే ఎవరికి కడుపు మండదు?

చీటర్ల బెడద అబద్ధమని నేను అనను. రాత్రి పది దాటాక ర్యాంక్ మ్యాచ్‌లో గోడల అవతలి నుంచి కాల్చేవాడు తగిలితే ఆ చిరాకు నాకూ తెలుసు. లినక్స్ కెర్నెల్‌ని ఎవరికి వాళ్లు మార్చి కట్టుకోవచ్చు కాబట్టి కాపలా కష్టమన్న వాదనలోనూ పస ఉంది. కానీ కెర్నెల్ దాకా వెళ్లిన యాంటీ చీట్ ఉన్న విండోస్ గేముల్లోనూ చీటర్లు పోలేదు కదా. మరోపక్క కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్‌లో నేరుగా నడుస్తున్నాయి. అనుమానించదగ్గ ఆటతీరుని సర్వర్ దగ్గర పట్టుకునే పనిమీద పెట్టుబడి పెట్టాల్సింది పోయి, ఆడేవాడి మెషీన్ తాళాలన్నీ మాకివ్వమనడం నాకు సబబుగా అనిపించదు. నా పీసీలో కరెంటు బిల్లు కట్టే బ్యాంకు లాగిన్ ఉంది, ఇంట్లోవాళ్ల ఫొటోలున్నాయి. ఒక ఆట కోసం అంత లోతుకి ఎవరినీ రానివ్వడం నాకు ఇష్టం లేదు. అది నా నిర్ణయం, మీ స్నేహితులంతా అక్కడే ఆడుతుంటే మీ నిర్ణయం వేరుగా ఉండొచ్చు, అందులో తప్పేమీ లేదు.

2025 అక్టోబరు స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా తొలిసారి 3 శాతం దాటింది. చిన్న అంకెలానే ఉంది, కానీ ఏళ్ల తరబడి ఒకటి దగ్గరే వేలాడింది అది. స్టీమ్ డెక్ వచ్చాకే కదలిక. మన దేశానికి డెక్ అధికారికంగా రాకపోయినా దాని కోసం రాసిన ప్రతి సవరణా నా పాత ఆర్‌ఎక్స్ 580కి కూడా అందుతోంది. ఈ వాటా ఇలాగే పెరిగితే లినక్స్‌ని వద్దనడం కంపెనీలకి అమ్మకాల లెక్కలో నష్టంగా తేలుతుంది, అప్పుడు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని నా నమ్మకం.

ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ అని ఉంది, అది సూచించిన డ్రైవర్ ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మధ్యలో నీలం తెర ఒకటి వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది, కొత్తవాళ్లకి అక్కడ టెన్షన్ వస్తుంది, ఏమీ కాదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరు పెట్టిందే అది. మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్నాయి, ఏ గేమ్ దేనిమీద నడుస్తోందో మొదట్లో కనిపెట్టుకోవాల్సి వచ్చింది, స్లీప్‌లోంచి లేచినప్పుడు అప్పుడప్పుడు మొండికేస్తుంది. డైరెక్ట్ఎక్స్ 12 గేముల్లో ఎన్విడియా కార్డులు విండోస్ కంటే లినక్స్‌లో వెనకబడటం తెలిసిన సంగతే. జీటీఎక్స్ 10 వరుస కార్డులకి 580 నంబరు డ్రైవర్ వరుసే ఆఖరిది అని కంపెనీ చెప్పేసింది. కొత్తగా కార్డు కొనేవాళ్లయితే, లినక్స్ మీద మనసుంటే, ఏఎమ్‌డీ వైపు వెళ్లండి.

డబ్బు పెట్టకుండా ఆడే ఓపెన్ సోర్స్ గేముల గురించి చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడి పెరిగినవాళ్లు 0 ఏ.డి. వేసుకుని చూడండి. 2001లో మొదలై, 2009లో కోడ్ అందరికీ తెరిచి, ఇప్పటికీ జీతం లేని మనుషులు కడుతున్న గేమ్. 2025 జనవరిలో వచ్చిన 27వ విడుదలకి అగ్ని అని పేరు పెట్టారు. అందులో మౌర్యులు ఉన్నారు, చంద్రగుప్తుడు, అశోకుడు వీరులుగా వస్తారు, అశోకుడి ధర్మశాసన స్తంభం కట్టుకోవచ్చు. నాకు ముచ్చటేసేది పనిచేసే ఏనుగు. సైన్యపు ఏనుగు వేరే ఉంది, ఇది కేవలం పనిదే, చెట్లు కొట్టే కూలీల పక్కకి తోలితే వాళ్లు మోపులు దాని దగ్గరే దించుతారు, గోదాము దాకా నడిచి వెళ్లే పనిలేదు. అడవి తరిగేకొద్దీ ఏనుగుని ముందుకి తోలుకుంటూ పోవడమే. యుద్ధం ముదిరి రెండు పక్కలా వందల మంది చేరాక గేమ్ నెమ్మదిస్తుంది, ఎంత మంచి పీసీ అయినా అంతే, అదొక్కటే లోపం. ఇంట్లో పిల్లలుంటే సూపర్‌టక్స్‌కార్ట్ వేయండి, ఒకే తెర మీద ఇద్దరు ముగ్గురు పోటీ పడొచ్చు, మధ్యలో ప్రకటన రాదు, కాయిన్లు కొనమని అడగదు. పిల్లల చేతికి ఇచ్చే గేమ్‌లో ఇది ఎంత అరుదో ఫోన్ గేములు చూసిన తల్లిదండ్రులకి తెలుసు.

నెట్ సెంటర్ రోజుల గేములు, అదే రోడ్ రాష్, ఐజీఐ, వైస్ సిటీ, మోస్ట్ వాంటెడ్, వీటికి వైన్ భలే నప్పుతుంది. 64 బిట్ విండోస్ ఎప్పుడో వదిలేసిన 16 బిట్ ప్రోగ్రాములని కూడా వైన్ ఇంకా నడుపుతుంది. దగ్గరున్న పాత సీడీలని లూట్రిస్ అనే యాప్‌తో ఒక్కొక్కటిగా ఎక్కిస్తున్నాను, కొన్ని ఒక్క క్లిక్‌తో లేస్తాయి, కొన్నింటికి ఒక సాయంత్రం పడుతుంది.

ఆట కాని పనుల్లో ఇబ్బందులు ఉన్నాయి, దాచను. డీటీపీ పని చేసేవాళ్లు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు ఇటు రావడం కష్టం, అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌దే. పెళ్లికార్డు ఫైల్ ఎవరైనా పంపితే ఇక్కడ పిచ్చి గీతలు కనిపిస్తాయి. ట్యాలీకి లినక్స్ వెర్షన్ లేదు. యూనికోడ్ తెలుగు మాత్రం చక్కగా ఉంది, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ చేర్చుకోవచ్చు, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునేవాళ్లు ఐబస్ అనే టైపింగ్ పనిముట్టులో ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. లిబ్రే ఆఫీస్ మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఇరవై ఏళ్లుగా తెలుగులో లినక్స్ కోసం చేస్తున్న పని కూడా ఇక్కడ తలుచుకోవాలి.

మింట్‌లోనే తప్పులు ఎంచాలంటే, అది కొత్తదనం వైపు పరుగెత్తదు. నాలాంటి పాత కార్డుకి అదే మేలు, కానీ నిన్నా మొన్నా వచ్చిన ఆర్‌ఎక్స్ 9070 లాంటివి కొన్నవాళ్లకి ఇంకా కొత్త కెర్నెల్, కొత్త మెసా కావాలి, వాళ్లు వేరే లినక్స్‌లైన ఫెడోరా కేడీఈ వైపో, గేములకనే కట్టిన బజైట్ వైపో చూడటం మంచిది. వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ మానిటర్ ఉన్నవాళ్లకి కూడా ఇదే మాట, సినమన్‌లో అది లేదు, కేడీఈ ప్లాస్మా 6లో ఉంది. రెండు మానిటర్లు పెట్టుకుని ఒకటి 144, ఇంకోటి 60 హెర్ట్జ్ అయితే తెర మీద బొమ్మ చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 మీద నడిచే సినమన్ అంత నున్నగా ఉండదు. నాది ఒకే మానిటర్, 75 హెర్ట్జ్, కాబట్టి ఈ బాధ లేదు.

వేసుకోవాలని అనుకుంటే ముందు ఒక కాగితం మీద మీరు నిజంగా ఆడే గేములు రాసుకోండి, లైబ్రరీలో దుమ్ము పట్టినవి కాదు, గడిచిన నెలలో తెరిచినవి. ఒక్కోదాన్నీ ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో వెతకండి. అక్కడ ఆడినవాళ్లే తమ కార్డు, డ్రైవర్ వివరాలతో రాస్తారు, ప్లాటినం, గోల్డ్ అని ఉంటే నిశ్చింత, బోర్క్‌డ్ అని ఉంటే ఆశ వదులుకోండి. పైన ఉన్న మెడల్ చూసి ఆగిపోకుండా కింద ఈ మధ్య రాసిన రిపోర్టులు మీ కార్డున్నవాళ్లవి చదవండి. ఆన్‌లైన్ గేములకి యాంటీ చీట్ సంగతి విడిగా చూసుకోండి. పాత ఎస్ఎస్‌డీ ఏదైనా ఇంట్లో పడి ఉంటే దాంట్లో మింట్ వేసి, విండోస్ డ్రైవ్ కేబుల్ పీకి పక్కన పెట్టి మొదలుపెట్టండి, నచ్చకపోతే ఆ కేబుల్ మళ్లీ తగిలిస్తే సరి. ఆర్‌ఎక్స్ 570, 580 వాడుతున్నవాళ్లు ఎక్కడైనా ఇరుక్కుంటే గేమ్ పేరు, మెసా వెర్షన్ రాసి అడగండి, నాకు తెలిసింది చెబుతాను.